కెరటానికి ఈల, తలుపుకి నిశ్శబ్దం

2009 నవంబరులో వచ్చిన హాలీవుడ్ సినిమా '2012'లో ఒక షాట్ ఉంది. సముద్రం వాషింగ్టన్ నగరం మీదికి లేచి వస్తుంది. ఆ నీటి కొండ మీద కొట్టుకొచ్చిన విమాన వాహక నౌక ఒకటి దొర్లి వైట్‌హౌస్ నెత్తిన పడుతుంది. చాలా ఊళ్లలో ఆ క్షణానికి జనం నోరు తెరుచుకుని చూస్తారు. విశాఖపట్నంలో నవ్వుతారు. తూర్పు నౌకాదళానికి కేంద్రమైన ఊరిది. హాల్లో ఏ నాలుగు వరసలు తీసుకున్నా డాక్‌యార్డులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో పనిచేసే మనిషి ఉంటాడు. లేదా అతని కొడుకో బావమరిదో ఉంటాడు. వాళ్లకి ఆ షాట్‌లో ముందు కనబడేది ఓడ. "ఏటి గురూ, దాన్నలా ఒగ్గీసేరేటి, లంగరెయ్యలేదా?" అని చీకట్లో ఒక గొంతు లేస్తే చుట్టుపక్కల పది సీట్లు గొల్లుమంటాయి.

ప్రపంచం మునిగిపోయే సినిమాలకి ప్రేక్షకులు ఎలా స్పందిస్తారన్నది తెర మీద ఎంత పెద్ద విధ్వంసం చూపించారన్న దాని మీద పెద్దగా ఆధారపడదు. చూసేవాళ్లు అంతకుముందే ఏం చూసి ఉన్నారన్నది అసలు సంగతి. వైజాగ్ ప్రేక్షకుడిని గమనిస్తే ఇది బాగా తెలుస్తుంది. కిలోమీటరు ఎత్తు కెరటానికి ఇక్కడ ఈలలు పడతాయి. అదే సినిమాలో ఒక ఫోను మధ్యలో కట్ అయిపోతే, ఒక తలుపు మూసుకుంటే, హాలు చప్పుడు లేకుండా అయిపోతుంది.

పెద్ద విధ్వంసానికి ఈల ఎందుకు పడుతుందో ముందు చూద్దాం. పాల్ స్లోవిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా చెబుతున్న మాట ఒకటి ఉంది. చనిపోయేవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ మనసులో బాధ పెరగదు, మొద్దుబారుతుంది. ఒక పిల్లాడు బావిలో పడ్డాడంటే ఊరంతా రాత్రంతా మేలుకుంటుంది. ఏడు వందల కోట్ల మంది పోతున్నారంటే మనసుకి ఏదీ తగలదు. ఆ ఖాళీలో కుతూహలం వచ్చి కూర్చుంటుంది. తెలుగువాళ్లు ఈ సంగతిని ఏ పరిశోధనా లేకుండానే ఎప్పుడో తేల్చేశారు. నలుగురితో చావు కూడా పెళ్లితో సమానం అన్నారు. అందరూ పోతున్నప్పుడు నా ఒక్కడి చావుకి అంత బరువుండదు. ఇలాంటి సినిమా హాల్లో కనిపించే పెళ్లిసందడికి మూలం చాలావరకు అదే.

పెళ్లితో సమానం అన్న మాటని అక్షరాలా పాటించిన సందర్భం ఒకటి మన దగ్గర ఉంది. 1979లో స్కైలాబ్ పడిపోతోందని వార్త వచ్చింది. అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం అది, 77 టన్నుల బరువు. ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పలేమన్నారు. ఆంధ్రదేశంలో పల్లెపల్లెకీ ఆ మాట "మన నెత్తినే పడుతోంది" అన్న రూపంలో చేరింది. జనం ఏం చేశారు? కోళ్లు కోసుకున్నారు. మేకలు కోసుకున్నారు. దాచుకున్న డబ్బు తీసి బంధువులని పిలిచి వండుకు తిన్నారు. ఎలాగూ పోతాం కదా అని అప్పు చేసి తిన్నవాళ్ల కథలు ఉత్తరాంధ్ర ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్నాయి. జులై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి కొసలోనూ ముక్కలై పడింది. ఇక్కడ మిగిలింది ఖాళీ కోళ్లగూడు, అప్పిచ్చినవాడు. అంతకుముందు 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి అన్నప్పుడు యజ్ఞాలు, భజనలు జరిగాయి. రెండింటిలో స్కైలాబ్ కథలే ఎక్కువగా బతికాయంటే వాటిలో కోడికూర వాసన ఉంది మరి.

మళ్లీ సినిమా దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో ఆ సినిమా పేరు ఉత్త అంకె. తెలుగులో అది 'యుగాంతం' అయింది. సగం స్పందన ఆ పేరు దగ్గరే తయారైపోయింది. అంకెకి భయపడాలంటే మాయా నాగరికత క్యాలెండరు గురించి ఎవరో వివరించాలి. యుగాంతానికి వివరణ అక్కర్లేదు. టికెట్టు కొనేనాటికే ఆ మాట నాయనమ్మ నోట విని ఉంటారు. బ్రహ్మంగారు చెప్పారనీ, బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకని కృష్ణమ్మ తాకుతుందనీ విని ఉంటారు. అందుకే ఇంటర్వెల్‌లో సమోసా తింటూ మాట్లాడుకునేది మాయా గురించి కాదు, బ్రహ్మంగారి గురించే. సినిమా చెప్పని కథని ప్రేక్షకుడు తన జేబులోంచి తీసి కలుపుకున్నాడు.

సరదా ఏమిటంటే, మన సంప్రదాయం లెక్క ప్రకారమే యుగాంతం ఇప్పట్లో లేదు. కలియుగం మొత్తం 4,32,000 ఏళ్లు. క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని పంచాంగం లెక్క. అంటే గడిచింది 5,100 ఏళ్ల పైచిలుకే. ఏ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా పురోహితుడు సంకల్పంలో "కలియుగే ప్రథమపాదే" అని చదువుతాడు. మనం ఇంకా మొదటి పాదంలోనే ఉన్నామని దానర్థం. పీటల మీద కూర్చుని ఆ మాట అనిపించుకున్న మనిషే మర్నాడు టీవీలో యుగాంతం చర్చ చూసి టెన్షన్ పడతాడు.

మాయావాళ్ల దీర్ఘగణన, అంటే వాళ్ల పెద్ద క్యాలెండరు లెక్క, మొదలయ్యేది క్రీస్తుపూర్వం 3114లో. మన కలియుగానికి పన్నెండేళ్లు ముందు, అంతే. ఇది కాకతాళీయమే గానీ గమ్మత్తైన కాకతాళీయం. వాళ్ల లెక్కలో 2012 డిసెంబరు 21కి 5,125 ఏళ్ల పెద్ద చక్రం ఒకటి పూర్తయింది. బండి మీటరు తొంభైతొమ్మిది వేలు దాటి మళ్లీ సున్నాలకి తిరిగినట్టు. మీటరు తిరిగితే బండి పేలదు. ఈ చిన్న సంగతి చెప్పడానికి నాసా పనిగట్టుకుని ప్రశ్నలూ జవాబులూ రాసి పెట్టాల్సి వచ్చింది.

సినిమాలో సైన్సు తప్పులు పట్టుకోవడం ఈ రకం సినిమాలకి వచ్చే మరో మామూలు స్పందన. '2012'లో సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు రూపం మార్చుకుని భూగర్భాన్ని ఉడికిస్తాయి. అసలు న్యూట్రినోల గుణమే దేనికీ తగలకుండా పోవడం. బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకి సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు దూరి వెళ్తుంటాయి, గోరుకి తెలియదు. ఈ తప్పు ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు పట్టుకుంటారు. జాలారిపేటలో చేపలు పట్టే మనిషి పట్టుకునే తప్పు వేరు. సినిమాలో నడిసముద్రంలో వెళ్తున్న పెద్ద ప్రయాణికుల ఓడని కొండంత కెరటం తలకిందులు చేస్తుంది. సునామీ లోతు సముద్రంలో అలా ఉండదు. జెట్ విమానంతో పోల్చదగ్గ వేగంతో వెళ్తుంది గానీ ఎత్తు సాధారణంగా మీటరు కూడా ఉండదు. కింద నుంచి వెళ్లిపోయినా పడవలో ఉన్నవాడికి తెలియకపోవచ్చు. నేల దగ్గరయ్యి లోతు తగ్గేచోటే అది లేస్తుంది. తుపానుకి ముందు నేవీ ఓడలు రేవు వదిలి నడిసముద్రానికి వెళ్లిపోవడం ఈ ఊరు చాలాసార్లు చూసింది. రేవులో కట్టేసి ఉంటే ఓడ గట్టుకి గుద్దుకుని పాడవుతుంది. అలాంటి ఊళ్లో "సముద్రంలో ఉన్నవాళ్లు ముందు పోయారు" అని చూపిస్తే నమ్మకం కుదరదు.

అయితే తప్పు పట్టుకోవడం అంటే సినిమా నచ్చకపోవడం కాదు. తప్పు పట్టుకున్నవాడే రెండోసారి తమ్ముడిని వెంటబెట్టుకుని వెళ్తాడు. తనకి తెలిసిన పని తెర మీద కనబడితే మనిషికి అదో గర్వం.

ఈ సినిమాలు చూసి జనం మారతారా అన్నది కొందరు నిజంగానే లెక్కగట్టి చూశారు. '2012' తీసిన రోలండ్ ఎమరిక్ అంతకుముందు 2004లో 'ది డే ఆఫ్టర్ టుమారో' తీశాడు. వాతావరణం తలకిందులై న్యూయార్క్ కొద్దిరోజుల్లో మంచుగడ్డ కట్టే కథ. ఆంథొనీ లైజరోవిట్జ్ అనే పరిశోధకుడు అమెరికాలో సర్వే చేస్తే, సినిమా చూసినవాళ్లకి వాతావరణ మార్పు గురించిన ఆందోళన చూడనివాళ్ల కన్నా ఎక్కువగా ఉందని తేలింది. బ్రిటన్‌లో జరిగిన మరో అధ్యయనంలో కథ కొంచెం చిక్కుగా ఉంది. చూసి బయటికొచ్చినవాళ్లలో ఆందోళన పెరిగింది, ఏదో ఒకటి చెయ్యాలన్న కోరికా పెరిగింది. కానీ ఏది సైన్సు, ఏది కల్పన అన్నది తేల్చుకోలేకపోయారు. ఏం చెయ్యాలో కూడా వాళ్లకి తెలియలేదు.

ఆ చివరి ముక్క దగ్గర ఆగాలి. ఏం చెయ్యాలో తెలియదు అన్నది బ్రిటన్‌లో సినిమా చూసి వచ్చినవాడి మాట. వైజాగ్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వినబడగానే ఏం చెయ్యాలో ఇంటి పెద్దావిడకి తెలుసు. అల్పపీడనం వాయుగుండం అయ్యేలోపు కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు వస్తాయి. బిందెలు, బక్కెట్లు, ప్రెషర్ కుక్కరుతో సహా అన్నీ నీళ్లతో నిండుతాయి. ఫోన్లు చార్జింగుకి వెళ్తాయి. డాబా మీద ఉన్న పూలకుండీలు దిగుతాయి. ప్రళయం సినిమా మీద ఈ ఊరికి ఉన్న అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఆ సినిమాల్లో ఎవరికీ దాహం వెయ్యదు. హీరో రెండున్నర గంటలు పరిగెడతాడు గానీ నీళ్ల బాటిల్ కోసం ఎక్కడా ఆగడు. పాల ప్యాకెట్టు గురించి ఎవరూ పోట్లాడుకోరు. హీరో కారు భూమి చీలే వేగానికి ఒక అంగుళం ముందే పోతుంటుంది. దానికి పెట్రోలు ఎవరు పోశారో తెలియదు.

ఈ ఫిర్యాదు 2009లో ఇంత గట్టిగా ఉండేది కాదు. 2014 అక్టోబరు 12 దాన్ని గట్టిపరిచింది. ఆదివారం. హుద్‌హుద్ తుపాను మధ్యాహ్నం పన్నెండు, ఒంటి గంట మధ్య విశాఖ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి సుమారు 180 కిలోమీటర్లు. ఒమన్ పెట్టిన ఆ పేరు ఒక పిట్టది, మనం కూకుడుగువ్వ అంటాం. చూడముచ్చటైన పిట్ట.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి ఆ పొద్దున గుర్తుండిపోయింది కిటికీ. పక్కకి జరిపే గాజు తలుపులు ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికి ఉబ్బి మళ్లీ వెనక్కి వెళ్లేవి. వాన పైనుంచి పడలేదు, అడ్డంగా వచ్చింది. తలుపు కింద కుక్కిన తువాళ్లు పదేసి నిమిషాలకి తడిసి ముద్దయ్యేవి. ఇంటిల్లిపాదీ కిటికీల్లేని గది ఏదో వెతుక్కుని, చాలా ఇళ్లలో అది పూజగదో బాత్‌రూమో అవుతుంది, అక్కడ కూర్చున్నారు. కొంతసేపటికి ఒక్కసారిగా గాలి ఆగింది. జనం తలుపులు తీసి మెట్లు దిగి కిందికొచ్చారు. పడిన చెట్లని, నలిగిన కార్లని చూసుకున్నారు. అయిపోయిందనుకున్నారు. అది తుపాను కన్ను. కాసేపటికి గాలి మళ్లీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కునుంచి. తుపానుకి కూడా ఇంటర్వెల్ ఉంటుందని కొత్త తరం వైజాగ్‌కి ఆ రోజే తెలిసింది.

తర్వాతి రోజులే అసలు సినిమా. కరెంటు రోజుల తరబడి రాలేదు. నీళ్ల క్యాను, పాల ప్యాకెట్టు మామూలు ధరకి దొరకలేదు. పెట్రోలు బంకుల దగ్గర లైన్లు. కైలాసగిరి పచ్చదనం పోయి ఎవరో మంట పెట్టినట్టు గోధుమరంగుకి తిరిగింది. విమానాశ్రయం పైకప్పు చిరిగిపోయింది. అన్నిటికన్నా మించి ఫోన్లు పలకలేదు. ఎంవీపీ కాలనీలో ఉన్న తల్లిదండ్రులకి అమెరికా నుంచి కొడుకులు, కూతుళ్లు చేస్తూనే ఉన్నారు. మోగలేదు. టీవీలో వైజాగ్ మొత్తం వాళ్లకి కనబడుతోంది, వైజాగ్‌లో ఉన్నవాళ్లకి మాత్రం పక్కవీధి సంగతి తెలియదు.

పోర్టులో తుపాను హెచ్చరికల కోసం ఎగరేసే సూచికలకి 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. పదో నంబరు మహా ప్రమాదం. పదకొండు అంటే ఇంకా పెద్ద తుపాను అనుకుంటారు చాలామంది. కాదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. ఈ వరస కట్టినవాళ్లకి మనుషుల సంగతి బాగా తెలిసినట్టుంది. ఆఖరి నంబరుని గాలికి ఇవ్వలేదు, కబురు అందకపోవడానికి ఇచ్చారు.

'2012'లో ఒక చిన్న సన్నివేశం ఉంది. సమీక్షల్లో దాని ప్రస్తావన పెద్దగా రాదు. ఓడలో కచేరీలు చేసుకుంటూ బతికే ముసలాయన ఏళ్ల తరబడి మాట్లాడని కొడుక్కి ఫోను చేస్తాడు. అవతల మనవరాలు ఎత్తుతుంది. ఆ పిల్ల గొంతు వినడం ఆయనకి అదే మొదటిసారి. కొడుకు వచ్చి అందుకునేలోపు ఇల్లు కూలి లైను పోతుంది. టీవీలో తెలుగు డబ్బింగు వేసినప్పుడల్లా ఈ ఊరి ఇళ్లలో కెరటానికి జోకులు వేసినవాళ్లు ఇక్కడ మాట్లాడరు. హుద్‌హుద్ తర్వాత ఇది ఇంకా తెలుస్తుంది. వాషింగ్టన్ మునగడం ఎవరి అనుభవమూ కాదు. పలకని ఫోను అందరి అనుభవమూను.

మన దేశంలో ఈ సినిమాకి వచ్చిన స్పందనలో ఒక అలక కూడా ఉంది. కథ మొదలయ్యేదే ఇండియాలో, ఒక లోతైన రాగి గనిలో. ముంచుకొస్తున్న ముప్పుని ముందుగా కనిపెట్టేది సత్నాం అనే భారతీయ శాస్త్రవేత్త. హాల్లో ఛాతీలు ఉబ్బుతాయి. చివరికి అతన్ని తీసుకెళ్లడానికి వస్తానన్న విమానం రాదు. పెళ్లాం బిడ్డలతో నిలబడి ఫోనులో స్నేహితుడికి వీడ్కోలు చెప్పి కెరటానికి బలైపోతాడు. ప్రళయం నుంచి కొందరిని తప్పించే పెద్ద పడవలు చైనా కొండల్లో తయారవుతాయి. ఒక్కో సీటు వంద కోట్ల యూరోలు. "కనిపెట్టింది మనోడు, పడవెక్కింది ఆళ్లు" అని బయటికొస్తూ అనుకునేవాళ్లు ప్రతి ఆటకీ ఉంటారు. ఈ ఒక్క వాక్యంలో సినిమా రాజకీయం మొత్తం ఉంది.

మన కథలో టికెట్టు లేదు కదా అన్నది దీని వెంటే వచ్చే మాట. మత్స్యావతారంలో మనువు పడవకి చేపే దారి చూపిస్తుంది, వాసుకి తాడవుతుంది, పడవలో సప్తఋషులు, విత్తనాలు ఉంటాయి. వాళ్లని ఎవరు ఎంపిక చేశారని మాత్రం అక్కడా ఎవరూ అడగలేదు. తెలుగు ప్రేక్షకుడికి ఆ ప్రశ్న మొదటిసారి హాలీవుడ్ పడవని చూసినప్పుడే తగిలి ఉంటుంది.

ఆ పడవ గేటు దగ్గరే సినిమా అసలు ఉత్కంఠ. గేరులో ఏదో ఇరుక్కుని గేటు మూసుకోదు. గేటు మూసుకోకపోతే ఇంజను స్టార్టవదు. ఇది చూసి విసుక్కున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ప్రపంచాన్ని కాపాడే ఓడకి ఇంత చెత్త డిజైనా అన్నారు. గాంధీగ్రామం వైపు షిప్‌యార్డు మనుషుల దగ్గర ఈ మాట అంటే ఒప్పుకోరు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి దిగిన యార్డు అది. అక్కడ ఓడ తలుపు అంటే ఏమిటో తెలుసు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గే రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఫెర్రీ ముందు తలుపు మూయకుండానే బయల్దేరింది. నిమిషాల్లో నీళ్లు దూరి పక్కకి ఒరిగింది. 193 మంది చనిపోయారు. తలుపు మూసుకుందో లేదో పైనున్న కెప్టెనుకి చూపించే దీపం కూడా ఆ ఓడలో లేదు. కాబట్టి తలుపు పడేదాకా ఇంజను కదలనివ్వని ఏర్పాటు తెలివితక్కువ పని కాదు. న్యూట్రినోల సినిమాలో అందరూ వెక్కిరించిన ముక్కే నిజమైన ఓడలకి అతి దగ్గరగా ఉంది.

గేటు బయట నిలబడిపోయిన జనం సంగతి ఇంకొకటి. వాళ్లని లోపలికి రానివ్వాలా వద్దా అని లోపలివాళ్లు చర్చించుకుంటారు. 2009లో ఆ సన్నివేశానికి చప్పట్లు పడేవి, లోపలున్న శాస్త్రవేత్త మంచి డైలాగు చెబుతాడు కనక. 2020 తర్వాత చూస్తే చప్పట్లు అంత తేలిగ్గా రావు. ఆ ఏడాది వేసవిలో పదహారో నంబరు జాతీయ రహదారి మీద వైజాగ్ మీదుగా ఒడిశా వైపు నడిచిపోయిన కూలీలని ఇక్కడివాళ్లు చూశారు. మజ్జిగ ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పంచినవాళ్లున్నారు. మా వీధిలోకి రావద్దని కర్రలు అడ్డం కట్టినవాళ్లూ ఉన్నారు. తరచూ ఆ రెండు పనులూ ఒకే వీధిలో జరిగాయి. గేటు సన్నివేశం వచ్చినప్పుడు తను ఏ పక్కన నిలబడ్డాడో గుర్తున్నవాడు నోరెత్తడు.

కుక్క విషయం ఒక్క ముక్కలో. ఇలాంటి సినిమాల్లో కోట్ల మంది పోయినా కుక్క మాత్రం బతుకుతుంది. '2012'లో తీగ మీద నడిచి మరీ బతుకుతుంది. దానికి పడినన్ని ఈలలు హీరోకి పడవు.

ఇక, ఈ సినిమాలు చూడటం వల్ల మంచేమన్నా ఉందా అంటే, కొంత ఉందన్నట్టే ఒక పరిశోధన చెబుతోంది. కోల్టన్ స్క్రివ్నర్ బృందం కోవిడ్ మొదటి నెలల్లో అమెరికాలో 310 మందిని పరిశీలించి 2021లో ప్రచురించింది. ప్రళయం, జాంబీలు, గ్రహాంతరవాసుల దాడి లాంటి సినిమాలని ఇష్టపడేవాళ్లు ఆ నెలలకి మిగతావాళ్ల కన్నా మానసికంగానూ, సరుకులు సిద్ధం చేసుకోవడంలోనూ మెరుగ్గా ఉన్నామని చెప్పారు. సినిమా చూడటం వల్ల అలా అయ్యారా, అలాంటి మనుషులే ఆ సినిమాలు చూస్తారా అన్నది దీన్నిబట్టి తేలదు. వైజాగ్‌లో ఆ రిహార్సల్‌కి సినిమా దాకా వెళ్లక్కర్లేదు. ప్రతి అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతమే వేయిస్తుంది.

రిహార్సల్ లేని ప్రమాదాలూ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీదికి పాకింది. పన్నెండు మంది చనిపోయారు. అందులో సినిమాకి పనికొచ్చేది ఏమీ లేదు. పేలుడు లేదు, మంట లేదు, కూలిన భవనం లేదు. సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ కూడా చెప్పింది. నిద్రలో ఉన్నవాళ్లు ఘాటు వాసనకి లేచి చీకట్లో పిల్లల్ని భుజాన వేసుకుని పరిగెత్తారు. కొందరు దారిలోనే పడిపోయారు. మురుగుకాల్వల పక్కన సొమ్మసిల్లిన ఆవులు. ఆ తెల్లారి ఫోన్లలో తిరిగిన వీడియోలు చూస్తే ప్రళయం సినిమాలు ఎంత గోల చేస్తాయో అర్థమవుతుంది. ఆ పొద్దుటి వీడియోల్లో ఎక్కువసేపు వినబడేది చెప్పుల చప్పుడు, దగ్గు.

చూడాలన్న కుతూహలం మాత్రం హాలుకే పరిమితం కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల ఉల్క ఆకాశంలో పేలింది. గాయపడ్డ దాదాపు 1,500 మందిలో చాలామందికి తగిలింది ఉల్క కాదు, కిటికీ గాజు. ముందు వెలుగు కనబడింది. అదేమిటో చూద్దామని కిటికీ దగ్గరికి వెళ్లారు. పేలుడు తరంగం నిమిషాల తర్వాత వచ్చి అద్దాలని మొహం మీద పగలగొట్టింది.

ఆర్కే బీచ్‌లో సముద్రం ఓ సాయంత్రం కాస్త వెనక్కి తగ్గితే చాలు, సునామీ అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. అసలు హెచ్చరిక రావాల్సింది హైదరాబాదు నుంచి. సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచీ ఆ సముద్రం లేని ఊళ్లోనే ఉంది. మెసేజ్ చూసినవాళ్లు కొండ వైపు వెళ్లాలి. సగం మంది బీచ్ రోడ్డుకే వస్తారు, బండి మీద, పిల్లాడిని ముందు నిలబెట్టుకుని. తుపాను రోజూ అంతే. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి దగ్గర్నుంచి గట్టు పొడవునా జనం. కెరటం రోడ్డు మీదికి ఎగిరి పడిన ప్రతిసారీ ఓ కేక. ఆ రోజు ఈలలు వేసేది పోలీసులు. ఈల వినబడగానే పది అడుగులు వెనక్కి జరుగుతారు. కానిస్టేబుల్ అటు తిరగగానే మళ్లీ ఫోన్లు పైకి లేస్తాయి.